సుద్ద అంటిన కొంగు

మొన్న మా బాగ్‌బేరా వీధిలో పాత నీటి పైపు తవ్వి తీస్తున్నారని తెలిసి, కుర్చీ తెచ్చుకుని గోతికి ఎదురుగా వేసుకున్నాను. పని చేయిస్తున్న సూపర్‌వైజరు మా తెలుగువాళ్ళ కుర్రాడే. వాడి తాతా నేనూ రైల్వే యార్డులో ఒకే గ్యాంగులో పనిచేశాం. "లోపలికెళ్ళి కూర్చోండి బాబా, ధూల్ ఉడ్ రహా హై" అన్నాడు. తెలుగులో ఎక్కి హిందీలో దిగిపోవడం వీళ్ళకి అలవాటు. దుమ్ము రేగితే రేగనీ అన్నాను. ఆ పైపు బయటికొస్తే ఒక తగువు తేలుతుంది. ఒకావిడకీ నాకూ ఉన్న తగువు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తగువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. "పేరెందుకయ్యా, అంకె రాయి" అనేవారు. మా బస్తీ ఆడవాళ్ళు ఆవిడకి పెట్టుకున్న పేరు బజెట్టమ్మ. ఈ వ్యాసానికి అది చాలు.

ఇప్పుడు బడ్జెట్ నాడు టీవీ పెట్టి చూడండి. టైలు కట్టుకున్న నలుగురు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. మంత్రి నోరు విప్పకముందే ఒకడు అద్భుతం అంటాడు, ఇంకొకడు ఘోరం అంటాడు. ఇద్దరూ పుస్తకం తెరవలేదని వాళ్ళ మొహాలే చెబుతాయి. కింద అంకెలు చీమల బారులా పోతుంటాయి. ఆ అంకెల్లో మా వీధి ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు. నేను చిన్నప్పుడు బడికి వెళ్ళింది బడి కప్పు వేయడానికే. పకోడీల పొట్లాల మీదా, సిమెంటు బస్తాల మీదా చదువుకున్నవాణ్ణి. అయినా చెబుతున్నాను, బడ్జెట్టంటే ఏమిటో ఈ దేశంలో అర్థమయ్యేలా చెప్పిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. అది కూడా బిందెలతో.

ఆవిడ మా వీధిలో మొదటిసారి రిక్షా దిగింది ఎమర్జెన్సీ పోయిన కొత్తలో. అప్పట్లో ఉక్కు కంపెనీ హద్దు లోపల ఉన్న కద్మాలో కుళాయి తిప్పితే నీళ్ళు. హద్దు బయట ఉన్న మాకు ట్యాంకరు వస్తే నీళ్ళు, రాకపోతే బిందెలు పట్టుకుని యార్డు దాటి రైల్వే కాలనీకి పోవాలి. యార్డు దాటడమంటే ఆగి ఉన్న గూడ్సు వ్యాగన్ల కింద నుంచి దూరడం. అంతకు ముందు వేసవిలో అప్పలనర్సమ్మ తోటికోడలు అలా దూరుతుండగా బండి కదిలింది. బిందె పోయింది, మనిషి మిగిలింది. అప్పలనర్సమ్మంటే మా వీధి ట్యాంకరు వరసకి కలెక్టరు లాంటిది. ఎవరి బిందె ఎవరి వెనకో ఆవిడ చెప్పాలి.

ఆ రోజు ట్యాంకరు ఇంకా రాలేదు. రిక్షాలోంచి జరీ అంచు నేత చీర కట్టుకున్న అమ్మగారు దిగారు. ఒక చేతిలో ఇటుక లాంటి పుస్తకం, చంకలో మడత పీట, భుజానికి ఫ్లాస్కు.

"ఇక్కడ కుళాయి ఎక్కడుందమ్మా?" అని అడిగారు.

"ఏ కుళాయి?" అంది అప్పలనర్సమ్మ.

"ఇదిగో, ఈ కుళాయి" అని పుస్తకం తెరిచి ఒక గీత మీద వేలు పెట్టారు.

అప్పలనర్సమ్మ బిందె దించి, పుస్తకంలోకి తొంగి చూసి, "ఓలమ్మ, ఇందులో ఉన్నాదేటి? మేం ఇన్నాళ్ళూ బయట ఎతుకుతన్నాం" అంది.

ఆ మాటకి ఆవిడ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పెద్దింటి ఆడవాళ్ళు నవ్వినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పీట విప్పుకుని దాని మీద కూలబడి మరీ నవ్వారు. ఆ తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని అడిగారు, "సరే, ఈ పుస్తకంలోంచి దాన్ని బయటికి తీద్దామా?"

అలా పుట్టింది ఖర్చుల కాపలా సంఘం. సభ్యులం ముగ్గురం. ఆవిడ, సభ మొదలవగానే నిద్రపోయే ఒక బెంగాలీ హోమియోపతి డాక్టరు, నేను. సంఘం పని ఒకటే. సర్కారు ఏడాది మొదట్లో ఎవరికి ఎంత ఇస్తానంది, ఏడాది చివర నిజంగా ఎంత ఖర్చు పెట్టింది, తేడా ఎందుకొచ్చింది అన్నది పుస్తకాల్లో చూసి జనానికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం. ఏ పార్టీతోనూ పొత్తు లేదు, ఎవరి దగ్గరా పైసా తీసుకోవడం లేదు. రాజధాని పాట్నా నుంచి బడ్జెట్ పుస్తకాలు సొంత డబ్బుతో తెప్పించేవారు. "వీటిని అచ్చు వేసినవాడు, నేను, ఇద్దరమే చదివేది. వాడు తప్పులు దిద్దడానికి చదివాడు, నేను పట్టుకోవడానికి" అనేవారు.

ఆవిడ భర్త కంపెనీలో పెద్ద ఇంజనీరు. ఆవిడ అంతకుముందు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి మానేశారు. ఎందుకు మానేశారని అడిగితే, "పిల్లలకి మార్కులు కావాలి. నాకు జవాబులు కావాలి. కుదరలేదు" అన్నారు. ఓసారి పుస్తకం తేవడానికి కద్మాలో వాళ్ళ క్వార్టరుకి వెళ్తే ఆయన వరండాలో నన్ను కూర్చోబెట్టుకుని గొంతు తగ్గించి, "ఏమయ్యా, మీ వీధిలో సర్కారు లెక్కలేనా? మా ఇంట్లో కందిపప్పు కూడా తనిఖీ అవుతోంది" అన్నాడు. లోపలి నుంచి జవాబు వచ్చింది. "మీరు అంచనా ఒకటి చెప్పి ఖర్చు ఇంకోటి చేస్తే తనిఖీ కాక ఏమవుతుంది?"

ఇక ఆవిడ నియమం. ఎవరి లెక్క గురించి మాట్లాడుతున్నామో, ఎవరికోసం మాట్లాడుతున్నామో, ఆ రెండు వైపుల వాళ్ళ దగ్గరా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. పీట ఆవిడదే, ఫ్లాస్కు ఆవిడదే. మొదటి రోజే అప్పలనర్సమ్మ టీ పెట్టి తెస్తే వద్దన్నారు. అప్పలనర్సమ్మ మొహం ఎర్రబడింది. మాకు అలవాటైన అవమానమే అది. కద్మా అమ్మగార్లు మా ఇళ్ళలో ఎందుకు తాగరో మాకు తెలుసు.

"మా టీ తాగరేటి? మేం ఏటోళ్ళమని?" అంది.

"మీరు ఎవరైనా ఒకటే. కలెక్టరు ఇచ్చినా తాగను. ఇవాళ నీ టీ తాగాననుకో, రేపు మీకు కుళాయి రాలేదని రాస్తే, టీ తాగి రాసిందంటారు."

"నా టీకి అంత బలం ఉన్నాదేటి?"

"టీకి బలం లేకపోవడమేమిటి? ఆఫీసులన్నీ దాని మీదే కదా నడుస్తున్నాయి."

అప్పలనర్సమ్మ ఆ టీ తనే తాగేసింది. నమ్మిందని చెప్పలేను. చాన్నాళ్ళు ఆవిడ ఫ్లాస్కు వైపు అదోలా చూసేది. ఆ చూపు సంగతి తర్వాత చెబుతాను.

బిందెల కథ ఆ మరుసటి వారంలో జరిగింది. ట్యాంకరు వచ్చి వెళ్ళింది. అందరి బిందెలూ నిండాయి. అప్పుడు ఆవిడ పీట మీంచి లేచి, "ఈ నీళ్ళన్నీ పాట్నా ఖజానాకి ఏడాదికి వచ్చే డబ్బు అనుకోండి" అన్నారు. అనుకున్నాం. ఖాళీ బిందెలు కొన్ని పక్కన పేర్పించి, నిండు బిందెల్లోంచి వాటిలోకి వంపడం మొదలుపెట్టారు. ఇవి జీతాలకి, ఇవి పాత అప్పుల మీద వడ్డీకి, ఇది పోలీసులకి, ఇది రోడ్లకి. వంపుతూ వంపుతూ చివరికి ఒక చెంబు నీళ్ళు మిగిలాయి. "ఇది మన జిల్లా మొత్తానికి నీళ్ళ పథకం" అన్నారు. చెంబులోంచి అరగ్లాసు తీసి పైకెత్తి, "ఇది మీ వీధి. ఈ అరగ్లాసు కూడా మీకు అందలేదు. ఎక్కడ పోయిందో కనుక్కోవడమే మన పని" అన్నారు.

పాఠం బాగానే ఉంది. గొడవ తర్వాత వచ్చింది. నిండు బిందెలు ఖాళీ అయిన వాళ్ళు నీళ్ళు తిరిగి పొయ్యమన్నారు. ఖాళీ బిందెలు నిండిన వాళ్ళు పొయ్యనే పొయ్యం అన్నారు.

"ఆ నీళ్ళు నావి. ఇటు వంచీ" అంది ఒకామె.

"ఎలగ వంచుతాను? ఇది జీతాల బిందె. నాకు జీతంగా వచ్చినాది" అంది రెండో ఆమె.

"మరి నేను?" అని మూడో ఆమె వచ్చింది. "నా బిందెలో వడ్డీ ఉన్నాదంట. వడ్డీ ఎవరైనా తిరిగి ఇచ్చీసినారేటి ఎప్పుడైనా?"

జుట్లు పట్టుకునే దాకా పోయింది. అమ్మగారు ఫ్లాస్కు మూత బిగించుకుంటూ నాతో మెల్లగా, "చూశావా, అసెంబ్లీలో ఇంత బాగా జరగదు. వీళ్ళకి పూర్తిగా అర్థమైంది" అన్నారు.

కిరాణా కొట్టు పక్క గోడకి ఒక నల్లబల్ల కొట్టించారు. ప్రతి ఆదివారం వచ్చి దాని మీద ఒక్క వాక్యం రాసేవారు. తెలుగులో పైన, హిందీలో కింద. ఒక్కటే వాక్యం, అందులో ఒక్క తిట్టు ఉండకూడదు, ఒక్క పొగడ్త ఉండకూడదు. "రోడ్డుకి ఇస్తామన్నది ఇంత, వేసిన రోడ్డు ఇంత" అన్నట్టు ఉండేది. నాకు కడుపు మండిపోయేది. ఆవిడ రిక్షా ఎక్కగానే సుద్ద తీసుకుని చివర 'దొంగలు' అని చేర్చేవాణ్ణి. ఎలా తెలిసేదో, రిక్షా వెనక్కి తిరిగేది. ఆవిడ దిగి, కొంగు చివరతో ఆ మాట తుడిచేసేవారు. ఆవిడ ఏ చీర కట్టినా కొంగు చివర మాత్రం ఎప్పుడూ తెల్లగా ఉండేది. చాకలి కూడా అడిగి విసిగిపోయాడని వాళ్ళాయన చెప్పాడు.

"దొంగలు కాకపోతే మరేటమ్మగారూ?" అనేవాణ్ణి.

"ఏ పేజీలో ఉంది ఆ మాట?"

"పేజీలో ఎందుకు రాత్తారు ఆళ్ళు?"

"అయితే మనమూ రాయకూడదు. కోపం తర్వాత, ముందు పేజీ."

ఈ మాట ఆవిడ నాతో ఎన్నిసార్లు అన్నారో. నేను కోపం ముందు అనే పార్టీ. ఇప్పటికీ అదే పార్టీ.

అరగ్లాసు ఎక్కడ పోయిందో కనుక్కోవడానికి ఆవిడకి చాలా కాలం పట్టలేదు. మా బస్తీ అంతా ఒక కంట్రాక్టరు తినేశాడని నమ్మకం. అప్పలనర్సమ్మ మూడేళ్ళుగా వరసలో నిలబడ్డప్పుడల్లా వాణ్ణీ, వాడి ముందు తరాలనీ, రాబోయే తరాలనీ తిట్టేది. ఒక ఆదివారం అమ్మగారు మూడేళ్ళ పుస్తకాలు పక్కపక్కన పరిచారు. ప్రతి ఏడూ 'ఇస్తాం' అన్న గడిలో మా కుళాయి డబ్బు ఉంది. మరుసటి ఏడాది పుస్తకంలో, అదే డబ్బుకి, 'ఖర్చయింది' అన్న గడిలో సున్నా ఉంది.

"ఎవరూ తినలేదు. మాఘంలో పాట్నా నుంచి డబ్బు ఇక్కడి నీళ్ళ ఆఫీసుకి వస్తుంది. మార్చి ఆఖరులోగా పని మొదలుపెట్టకపోతే తిరిగి పాట్నా పోతుంది. అది రూలు. ఈలోగా హోలీ వస్తుంది. సంతకం పెట్టాల్సిన ఇంజనీరు ఊరెళ్తాడు. ఆయన రంగు కడుక్కుని వచ్చేసరికి మార్చి అయిపోతుంది. మళ్ళీ ఏడాది ఇదే కథ" అన్నారు.

దొంగ ఉంటే పట్టుకోవచ్చు. బద్ధకాన్ని ఎక్కడని పట్టుకుంటారు?

అప్పలనర్సమ్మ బాధ వేరు. "అయితే ఆ కంట్రాక్టరు గుంటణ్ణి మూడేళ్ళూ ఉత్తినే తిట్టినానేటి?"

"ఉత్తినే ఎందుకవుతుంది? వాడు ముందు ముందు ఏదో ఒకటి చెయ్యకపోడు. అప్పటికి జమ వేసుకో" అన్నారు అమ్మగారు.

ఆ రోజే ఆవిడ ఇంకో మాట అన్నారు. ఆడవాళ్ళకి బాగా తెలియాలని అన్న మాట. "మీ డబ్బు కొత్త కోడలు లాంటిది. మాఘంలో కాపురానికొస్తుంది. గుమ్మం తొక్కకుండానే మార్చిలో పుట్టింటికి పోతుంది." అని రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు. అన్న మాట ఎక్కడ మొలకెత్తుతుందో చూసుకోలేదు.

మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకి సారె అంటే ప్రాణం. కోడలు పుట్టింటి నుంచి సారెతో వస్తే వీధి వీధంతా పంచాలి. ఎవరింటికి ఎంత చలిమిడి వచ్చిందో పదేళ్ళ తర్వాత కూడా చెబుతారు. ఆడపిల్లని వట్టి ఒడితో గుమ్మం దాటించడం వీధికే తలవంపు. మరి మూడేళ్ళుగా ఒక కోడలు వస్తోంది, పోతోంది, ఎవరూ బొట్టయినా పెట్టలేదు. అప్పలనర్సమ్మకి అన్నం సహించలేదు. అందరినీ పిలిచింది. "వచ్చినప్పుడు ఆళ్ళు సారె తేనేదు, అది ఆళ్ళ మర్యాద. ఎల్లినప్పుడు మనం వట్టి చేతుల్తో పంపితే మన ఈది పరువేటవుద్ది?" అంది. నిజంగానే అన్నదో, వేళాకోళానికే అన్నదో నేను ఇప్పటికీ చెప్పలేను. అడిగితే తిట్టేది.

మరుసటి ఆదివారం బజెట్టమ్మ వచ్చేసరికి వీధిలో చలిమిడికి పిండి దంచుతున్నారు.

"ఏమిటిది? ఎవరి పెళ్ళి?"

"సారె అమ్మగోరూ. మన డబ్బులు పుట్టింటికి ఎల్లిపోతన్నాయని మీరే కదా సెప్పినారు. ఆఫీసుకెల్లి ఒడి నింపి పంపుతాం. మీరూ రావాల."

ఆవిడ పీట వేసుకుని కూర్చోవడానికి కూడా ఓపిక లేక కొట్టు గోడకి ఆనుకుని నవ్వారు. కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంటే మొహం నిండా సుద్ద అయింది. నవ్వు ఆగాక మాత్రం తల అడ్డంగా ఊపారు. "నేను రాను. సంఘం చెబుతుంది, అడగదు. అడిగి తీసుకుంటే రేపు వాళ్ళు, అడిగింది ఇచ్చాంగా, ఇక లెక్కలు చూడకండి అంటారు. మీ వీధి మీది, మీరు వెళ్ళండి."

"ఎవరైనా అడిగితే మీరు పంపినారని సెప్పమా?"

"చలిమిడిలో బెల్లం తక్కువైందని మాత్రం నేను చెప్పానని చెప్పండి. చూస్తే తెలుస్తోంది."

వెళ్ళాం. హోలీ అయి రంగులు ఇంకా గోడల మీద ఆరలేదు. ముందు డప్పు, వెనక పెళ్ళి చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు, పళ్ళేల్లో పసుపు, కుంకుమ, రవికల గుడ్డ, చలిమిడి. అప్పలనర్సమ్మ తల మీద పసుపు దారం చుట్టిన ఖాళీ బిందె. హిందీ మాట్లాడడానికి నేను. నీళ్ళ ఆఫీసు మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే, రోడ్డుకి అవతల గొడుగు కింద బజెట్టమ్మ నిలబడి ఉన్నారు. తర్వాత అడిగితే, దారిన పోతూ ఎండకి ఆగానన్నారు. కద్మా నుంచి ఎటు పోయినా ఆ దారి రాదు.

లోపల బడాబాబు, అంటే హెడ్డు గుమాస్తా, ముసలాయన, నోట్లో పాన్‌తో ఉన్నాడు. ఇంజనీరు ఊరి నుంచి వచ్చాడు గాని ఇంకా సెలవులోనే ఉన్నాడు. బడాబాబు మా మేళాన్ని చూసి కళ్ళజోడు సర్దుకుని, "కిస్‌కీ బిదాయీ హై?" అన్నాడు. ఎవరి అప్పగింతలని.

"మా వీధి కోడలి అప్పగింతలు బాబూ" అని హిందీలో విన్నవించుకున్నాను. "పాట్నా పిల్ల. ఏటా వస్తుంది, గుమ్మంలోకి రాకుండానే వెనక్కి పోతుంది. ఈ నాలుగు రోజుల్లో మళ్ళీ ప్రయాణమట. ఒడి నింపి పంపుదామని ఆడవాళ్ళు వచ్చారు."

"ఎక్కడుంది ఆ అమ్మాయి?"

"మీ దగ్గరే ఉంది బాబూ. ఫైల్లో."

పక్క గదుల గుమాస్తాలు అప్పటికే తలుపుల దగ్గర గుమిగూడారు. ఎవరో నవ్వారు. బడాబాబు నవ్వలేదు. లేచి బీరువా చూశాడు, బల్ల సొరుగు చూశాడు, అటక మీద కట్టలు దింపించాడు. చివరికి కిటికీ పక్కన మంచినీళ్ళ సురాయి ఒరిగిపోకుండా దాని కింద పెట్టిన అట్టల్లో దొరికింది. అట్ట చెమ్మగిలి ఉబ్బింది.

"ఏటంటన్నాడు?" అంది అప్పలనర్సమ్మ.

"దొరికింది. కుండ కింద ఉందట."

"పోన్లే, నీళ్ళ పిల్ల కదా, నీళ్ళ దగ్గరే ఉంచినారు" అంది. అని బల్ల దగ్గరికి నడిచి, ఆ ఫైలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, లోపలి కాగితాల మధ్య గుప్పెడు బియ్యం పోసి, రవికల గుడ్డ కప్పింది. తర్వాత మావాళ్ళ వైపు తిరిగి, "ఏడవండే. అప్పగింతలప్పుడు ఏడవకపోతే బాగుంటదేటి?" అంది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి రాగం తీశారు. ఇంటి పేరు చెప్పీ, ఇంతలోనే పోతున్నావా అనీ, నీ చేతి నీళ్ళు తాగే రాత మాకు లేదా అనీ. మొదట అందరూ వేళాకోళంగానే ఏడ్చారు. అప్పలనర్సమ్మ తోటికోడలు మాత్రం బండి కింద చితికిన బిందె తలుచుకుందో ఏమో, నిజంగా ఏడ్చింది. అది విని మిగతావాళ్ళ గొంతులు మారిపోయాయి.

బడాబాబు బయటికెళ్ళి పాన్ ఉమ్మేసి వచ్చాడు. ఫైల్లోంచి రాలిన బియ్యపు గింజలు ఒక్కొక్కటి ఏరి మళ్ళీ లోపల పెడుతూ, తన భాషలో నాతో అన్నాడు, "మా వైపు కూడా పిల్ల కొంగులో బియ్యం, పసుపు కట్టే పంపుతాం. కానీ మొగుడి ఇల్లు కూడా చూపించకుండా పిల్లని తిప్పి పంపడం మా ఊళ్ళోనూ లేదు." ఆ ఫైలు చంకలో పెట్టుకుని, చలిమిడి ముద్ద ఒకటి నోట్లో వేసుకుని, సైకిలెక్కి ఇంజనీరు ఇంటికి వెళ్ళాడు. వెనకాల బియ్యం రాలుతూనే ఉంది.

మార్చి పోకముందే పని మొదలైంది. సంతకం పక్కన హోలీ గులాల్ రంగు అంటిన బొటనవేలి గుర్తు ఉందని తర్వాత కాగితాలు చూసిన బజెట్టమ్మ చెప్పారు. అప్పలనర్సమ్మ ఒక్కటే అడిగింది, "ఆ బడాబాబు మన చలిమిడి తిన్నాడు కదా, మీ రూలు ఏటయింది?" దానికి ఆవిడ, "తనిఖీకి గురయ్యేవాడు తినొచ్చు. చేసేవాడే తినకూడదు" అన్నారు.

కుళాయి వచ్చిన రోజు దానికి పసుపు రాసి, మొదటి బిందె ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ బిందెకి నమస్కారం పెట్టి, ఫ్లాస్కులోంచి తన నీళ్ళు తాగి, బల్ల దగ్గరికెళ్ళి రాశారు. 'పుస్తకంలో కుళాయిలు రెండు. వీధిలో ఒకటి.'

"ఒక్క రోజైనా సంతోషించరేటి అమ్మగోరూ?" అంది అప్పలనర్సమ్మ.

"సంతోషించాను. రిక్షాలో వస్తున్నంతసేపూ సంతోషించాను. ఇక్కడికొచ్చేసరికి అయిపోయింది."

రెండో కుళాయి ఆ తర్వాతి ఏడాది వచ్చింది. ఎలా వచ్చిందో రాస్తే ఇంకో వ్యాసమవుతుంది, అందులో బడాబాబు అల్లుడూ ఒక మేకా ఉంటాయి. ఆ సంఘం అలా చాలా ఏళ్ళు నడిచింది. డాక్టరు చాలా ఏళ్ళు నిద్రపోయాడు.

అమ్మగారి భర్త రిటైరయ్యి వాళ్ళు ఊరు వదిలే ముందు ఆవిడ చివరిసారి వచ్చారు. ఆ రోజు ఆడవాళ్ళు ఆవిడకే సారె పెట్టారు. తీసుకోరని తెలుసు. అందుకే పెట్టారు. సారె కాదనడం పెద్ద తప్పని వాళ్ళకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆవిడ ఆ పళ్ళేల వంక చూసి, అప్పలనర్సమ్మ వంక చూసి, "నన్ను ఇరికించావు" అన్నారు. అన్నారే గాని, బొట్టు పెట్టించుకుని, పళ్ళెం చేత్తో పట్టుకుని, అక్కడికక్కడే ఇంటింటికీ పంచడం మొదలుపెట్టారు. సారె పంచాలి కదా. వీధి చివరికి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. నియమమూ నిలిచింది, మర్యాదా నిలిచింది.

అప్పుడు ఆవిడ పీట మడిచి పక్కన పెట్టి, అప్పలనర్సమ్మ అరుగు మీద కూర్చున్నారు. అన్నేళ్ళలో ఎప్పుడూ మా అరుగుల మీద కూర్చోలేదు. "రేపటి నుంచి నేను సంఘంలో లేను. ఒక గ్లాసు మంచినీళ్ళు ఇయ్యి" అన్నారు.

అప్పలనర్సమ్మ లోపలికెళ్ళింది. ఇత్తడి గ్లాసు చింతపండు పెట్టి తోమి, కుళాయి దగ్గరికెళ్ళి, ముందు కాసేపు నీళ్ళు వదిలేసి, నింపి తెచ్చింది. గ్లాసు అందిస్తూ ఫ్లాస్కు వంక చూసింది. ఇన్నాళ్ళూ చూసిన చూపు కాదు అది. ఆవిడ ఎత్తి పోసుకోలేదు. గ్లాసు పెదవికి ఆనించి, ఎంగిలి చేసి, అడుగుదాకా తాగారు. మేమందరం ఆవిడ మొహంలోకి చూస్తున్నాం. ఆవిడ గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగారు.

"తుప్పు వాసన వస్తోంది. రాయి."

సుద్ద తీసుకుని రాశాను. 'కుళాయి నీళ్ళలో తుప్పు వాసన.' కొత్త పైపు బిల్లు పెట్టి పాత పైపు పాతేశారని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది. పక్కనే ఇంకో మాట రాశాను. మీకు తెలుసు ఏ మాటో. ఆవిడ లేచారు. ప్రయాణానికని కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చారు. అరిటాకు రంగు. మడతలు కూడా విరగలేదు.

"అమ్మగారూ, కొత్త చీర" అన్నాను.

"పాత పైపు వేశారని ఏ పేజీలో ఉంది?"

"తవ్వితే తెలుత్తాది కదా."

"తవ్వినప్పుడు రాయి" అని, ఆ పట్టు కొంగుతోనే తుడిచేసి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు.

మొన్న తవ్వారు. పైపు బయటికొచ్చింది. గడ్డపార తగిలిన చోట పెచ్చులుగా రాలింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని, చత్వారం కళ్ళతో అటూ ఇటూ తిప్పి చూశాను. "ఒరే, వేసినప్పుడే ఇది పాతదా, కొత్తదా?" అని సూపర్‌వైజరు కుర్రాణ్ణి అడిగాను.

"బాబా, ఇన్నేళ్ళు మట్టిలో ఉంది. కొత్తదైనా జంగ్ తో లగేగా హీ. కైసే బతావూఁ?" అన్నాడు. తుప్పు పట్టక మానదు, ఎలా చెప్పగలను అని. నిజమే. తుప్పుకి పుట్టినరోజు ఉండదు.

నల్లబల్ల ఎప్పుడో పోయింది. కొట్టు ఇనుప తలుపు మీద సుద్దతో రాశాను. 'పాత పైపు తీశారు. తుప్పు ఉంది.' చెయ్యి దానంతటదే పక్కకి జరిగి రెండో మాట కూడా రాసేసింది. కాసేపు నిలబడి చూశాను. చక్కగా కుదిరింది, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. రోడ్డు వైపు చూశాను. రిక్షా ఏదీ వెనక్కి తిరగలేదు.

వాళ్ళు దొంగలే. ఈ మాట నేను ఎవరిముందైనా అంటాను. అయినా భుజం మీద తువ్వాలు తీసి ఆ మాట తుడిచాను. తువ్వాలు చివర తెల్లగా అయింది. మా కోడలు ఇంకా ఉతకలేదు, నేను ఇవ్వలేదు.